బోన్‌లో దిగాలా వద్దా

నిన్న ఏదో ఫారం నింపడానికి పాస్‌పోర్టు తీస్తే ఫ్రాన్స్ వీసా అంటించిన పేజీ తెరుచుకుంది. అందులో నా ఫోటో చూస్తే ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి వచ్చినదానిలా ఉన్నాను. ఆ ఫోటో దిగిన వేసవంతా నా పరిస్థితి అదే.

నేను గల్ఫ్‌లో, సల్మానియా ఆసుపత్రిలో నర్సుని. మా ఆయన హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగ్ ఫోర్‌మన్. ఇద్దరిదీ నరసాపురం వైపు. సెలవులంటే మాకు ఊరు, పెళ్ళిళ్ళు, తిరిగొచ్చేటప్పుడు ఆవకాయ. అలాంటిది, పన్నెండో తరగతి పరీక్షలు అయిపోగానే మా అమ్మాయి తనకు ఏ బహుమతీ వద్దంది, ఫ్రాన్స్ అంతా రైల్లో తిరుగుదామంది. రైలన్నదే లేని దేశంలో పెరిగిన పిల్ల కదా, రైలంటే దానికి విమానం కన్నా గొప్ప. భోజనాల బల్ల మీద పెద్ద మ్యాపు పరిచి రంగు పెన్నులతో గీతలు గీసింది. ప్యారిస్‌లో ఎక్కి దిజోన్, అక్కణ్ణుంచి చిన్న రైల్లో బోన్ అనే ఊరు, ఆపైన లియాన్, చివర సముద్రపొడ్డున నీస్. ఎనిమిది నిమిషాల్లో రైలు మారాలంటే నాలుగు పెట్టెలు ఎవరు మోస్తారని నా బెంగ. వెంట తీసుకెళ్ళే పచ్చడి సీసా మూత సరిగ్గా లేకపోతే నూనె ఎవరి సీటు మీద కారుతుందోనని మా ఆయన బెంగ.

"బోన్‌లో ఏముందే?" అన్నాను.

"ద్రాక్షతోటలమ్మా. ఊరి కిందంతా వైన్ నేలమాళిగలేనట. ఒక పూట దిగి చూద్దాం."

"బాగుంటుంది," అన్నారు మా ఆయన. నేను వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే ఆపేసిన స్టవ్ మళ్ళీ ఆపాను.

ఆయన మందు మానేసి అప్పటికి ఆరేళ్ళు. అంతకు ముందు ఒక శుక్రవారం నేను డ్యూటీలో ఉండగా, పదకొండేళ్ళ మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్న మెట్ల మీద పడిపోయాడమ్మా, లేపితే లేవడం లేదు," అంది. ఆ మర్నాటి నుంచి ఆయన ముట్టలేదు. ఒట్లు పెట్టుకోలేదు, దేవుడికి మొక్కుకోలేదు. నేను మాత్రం ఆయన డ్యూటీ నుంచి రాగానే ఎదురెళ్ళి చేతిలో సంచీ అందుకునేదాన్ని. ఎంత ప్రేమో అనుకునేవాళ్ళు చూసినవాళ్ళు. నిజానికి వాసన చూసేదాన్ని.

ఆ వారమే ఆయన యార్డులో కొత్తగా చేరిన జగిత్యాల తమ్ముడొకడు భోజనానికొచ్చాడు. పాపం, అతనికి మా సంగతేమీ తెలియదు. మ్యాపు చూసి, "గా ఊర్ల నీళ్ల లెక్క తాగుతరంట గదా వదినా! అన్నను జర పట్టుకోని ఉండు, లేకుంటె అక్కడ్నే ఉండిపోతడు," అన్నాడు. అందరికన్నా గట్టిగా మా ఆయనే నవ్వారు. మర్నాడు నేను మ్యాపు మీద బోన్ కొట్టేసి, సీట్లు దొరకలేదని అమ్మాయితో అబద్ధం చెప్పాను.

రెండు రోజుల తర్వాత నన్ను ఆసుపత్రి దగ్గర దింపడానికి వస్తూ, సిగ్నల్ దగ్గర కారాపి అడిగారాయన. "బోన్ ఎందుకు తీసేశావు?"

"సీట్లు లేవండి."

"ఆ రైలుకి రిజర్వేషనే లేదట. అమ్మాయి చెప్పింది." ఎదర కారు వైపే చూస్తున్నారు. "ఈ దేశంలో మందు దొరక్క మానేశాననుకుంటున్నావా? రోజూ ఎన్ని బార్లున్న హోటళ్ళ ముందునుంచి ఇంటికొస్తున్నానో తెలుసా నీకు?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే పోట్లాడేదాన్ని. "నాకు భయమండీ," అన్నాను.

"నాకూ భయమే. రోజూ ఉంటుంది. నీ భయం కూడా నేనే మొయ్యాలంటే కష్టం."

ఆ సాయంత్రం కొట్టేసిన గీత పక్కనే మళ్ళీ బోన్ అని రాశాను. మనసు మాత్రం కుదుటపడలేదు. బట్టలు మూడుసార్లు సర్దాను, రైలు వేళలు పదిసార్లు చూశాను.

బోన్‌లో నేలమాళిగ మెట్లు దిగుతుంటే చల్లటి తడి మట్టి వాసన, పాత చెక్క వాసన. పీపాలు చూపిస్తున్న ఆవిడ అందరికీ గ్లాసులిచ్చి వరసగా పోసుకుంటూ వచ్చింది. నేను పీపాలు చూడలేదు, ఆయన చెయ్యి చూశాను. ఆయన గ్లాసు మీద అరచెయ్యి పెట్టి, ఇంక మజ్జిగ చాలు అన్నంత మామూలుగా, "నో, థాంక్యూ," అన్నారు. ఆవిడ పక్కనున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అంతే. నెలన్నర నుంచి నేను భయపడుతున్నది ఆ ఒక్క క్షణానికే. ఆయన అప్పటికే ఒక పీపా దగ్గర వంగి ఇనప పట్టీ తడిమి చూస్తూ, "వెల్డింగ్ కాదమ్మా ఇది, రివెట్లు కొట్టారు," అని కూతురికి చెబుతున్నారు.

తర్వాత స్టేషన్‌లో లియాన్ రైలు కోసం కూర్చున్నాం. ఆయన బెంచీ మీదే తల వెనక్కి వాల్చి నిద్రపోయారు. ఆయన జుట్టు సగానికి పైగా నెరిసిందని అప్పుడు చూశాను. ఆరేళ్ళూ ఆయన ఒక్కో రోజే దాటుకుంటూ అంత దూరం వచ్చేశారు. నేను మాత్రం ఆ శుక్రవారం దగ్గరే కాపలా కూర్చుని, మా ఇద్దరికీ కాలం ఒకేలా గడుస్తోందనుకున్నాను.