హవల్దార్ నరసింహప్ప గారి గుండీల తనిఖీ

హొసకోటెలో మా ఇంటి ఓనరు నరసింహప్ప గారి గేటు దాటాలంటే ఎవరైనా సరే తనిఖీ చేయించుకోవాల్సిందే. చొక్కా గుండీలు, బెల్టు, బూటు లేసులు, భుజాన బ్యాగుంటే దాని పట్టీలు, అన్నీ ఆయన స్వయంగా లాగి చూస్తారు. ఊడినవి పెడతారు, వదులైనవి బిగిస్తారు. చివర్న వీపు మీద ఒక్క చరుపు చరిచి “ఓకే!” అని వీధి చివరిదాకా వినబడేలా అరుస్తారు. అప్పుడు గానీ మనం బయటి లోకానికి పనికిరాం.

ఆయన డెబ్బై ఒకటి యుద్ధంలో విమానంలోంచి పారాచూట్‌తో దూకిన సిపాయి. హవల్దార్‌గా రిటైరయ్యారు. దూకేముందు వరసలో ప్రతివాడూ తన ముందున్నవాడి పారాచూట్ మూట, పట్టీలు, కొక్కేలు చూసి, వీపు చరిచి ఓకే చెప్పాలట. వెనకవాడు ఓకే అనందే ఎవడూ దూకకూడదట. విమానంలో అది న్యాయమే. నేను దూకేది వైట్‌ఫీల్డ్ బస్సులోకి.

“అంకుల్, బస్సు వెళ్ళిపోతుంది.”

“పోనీలేప్పా. బస్సు ఇంకొకటి వస్తాది. లేసు తొక్కి పడితే పల్లు ఇంకొకటి వస్తాదా?”

“నాకు లేసులే లేవంకుల్. ఇవి చెప్పులు.”

“అట్లయితే చెప్పు పట్టీ చూపించు.”

వాళ్ళ బంధువుల పెళ్ళిలో, ముహూర్తానికి ముందు నేరుగా మండపమెక్కి పెళ్ళికొడుకు పంచె బిగించి, తలపాగా సరిచేసి, వీపు చరిచి ఓకే అన్నారు. పురోహితుడు గారు తన వంతు వచ్చిందనుకుని లేచి నిలబడ్డారు. చిక్కపేట బజారులో మరీ దారుణం. భార్య పిల్లమ్మ గారికి చీర కొనడానికి వెళ్ళి, ముందు తోపుడు బండివాడి తాళ్ళు విప్పి మళ్ళీ కట్టారు. వెనక బండ్లన్నీ ఆగిపోయి కన్నడంలో, తెలుగులో, ఉర్దూలో తిట్లు మొదలయ్యాయి. అక్కడినుంచి బట్టల దుకాణంలో దూరి, గుమ్మంలో కోటు తొడిగి నిలబెట్టిన బొమ్మకు గుండీలన్నీ పెట్టి, చరిచారు. బొమ్మ బోర్లా పడింది. దుకాణంవాడు లబోదిబోమన్నాడు.

“ట్రైనింగ్ లేదు పాపం దానికి,” అన్నారు నరసింహప్ప గారు, ఏమాత్రం తొణక్కుండా.

ఆయనతో పాటు దూకినవాళ్ళలో ఈ చుట్టుపక్కల మిగిలినవాళ్ళు ప్రతి డిసెంబరులో, దూకిన తేదీన, ఊళ్ళో ఒక హాల్లో కలుసుకుంటారు. అందరికంటే దగ్గరివాళ్ళు ఇద్దరు, మస్తాన్ గారు, వీరభద్రం గారు. విమానం తలుపు దగ్గర వీరభద్రం గారు ముందు, ఆయన వీపు చరిచి పంపినవాడు మా ఓనరు. మొన్న డిసెంబరు కలయికకు ఇంకా వారముందనగా మస్తాన్ గారు ఫోన్ చేశారు. మా ఓనరు ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతారు కాబట్టి వీధంతా విన్నది.

“వీరభద్రం ఇంక రాడంట. ఈ ఏడే కాదు, ఎప్పటికీ రాడంట.”

“యాల?”

“యాలేంది? నీ బాదుడుకే. డెబ్బై అయిదేండ్ల వీపప్పా అది, డోలు కాదు. ఆ తనిఖీ మానేస్తానని చెప్పు, వస్తాడు.”

“మానేది లేదు,” అని ఫోన్ పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండింది. అంత పాత స్నేహితుడు దూరమైపోతుంటే ఈయనకు గుండీలు ముఖ్యమా! “ఆ ఒక్కరోజు మానేస్తే ఏమవుతుందంకుల్?” అన్నాను.

“ఆ ఒక్కరోజే మానేస్తే ఇన్నాళ్ళూ చేసిందెందుకప్పా?” అన్నారు. మొండితనానికి మందు లేదనుకున్నాను.

కలయిక రోజు పొద్దున్నే కోటు, పతకాలు, మెరూన్ టోపీతో తయారై, నన్నూ లాక్కుని వైట్‌ఫీల్డ్‌లో వీరభద్రం గారి అపార్ట్‌మెంటుకు బయల్దేరారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పేరు రాయమంటే, ఆయన అతని బెల్టు బిగించారు. లిఫ్టులో ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళ మెడలో ఐడీ కార్డులు తిరగబడి ఉంటే సరిచేసి, ఓకే, ఓకే అని వీపు మీద చెరొక చరుపు ఇచ్చారు. వాళ్ళు తమ అంతస్తు రాకముందే దిగిపోయారు.

వీరభద్రం గారి అమ్మాయి గీతాంజలి తలుపు తీసింది. “నాన్న రానంటున్నాడు చిన్నాయనా. రాత్రి కోటు తీసిపెట్టుకున్నాడు, పొద్దున మనసు మార్చుకున్నాడు.”

లోపల వీరభద్రం గారు మంచం మీద, శాలువా కప్పుకుని గోడకేసి చూస్తూ కూర్చుని ఉన్నారు. “రాను. పోరా,” అన్నారు.

నరసింహప్ప గారు ఆయనకేసి చూడనైనా లేదు. “లలితూ, ఇట్ల రారా,” అని నన్ను పిలిచి, నా కాలరు గుండీ పెట్టి చరిచారు. గీతాంజలి గడియారం పట్టీ బిగించి, ఆడపిల్ల కాబట్టి చరుపు గాల్లోనే చరిచి ఓకే అన్నారు. “ఇంక నువ్వు లెయ్!”

వీరభద్రం గారు లేచారు. శాలువా జారింది. చొక్కా గుండీలు ఒక్కటీ పెట్టి లేవు. పెట్టుకోవాల్సిన చేతులు రెండూ ఆగకుండా వణుకుతున్నాయి. పాపం, పొద్దున్నుంచీ ఆయన ఆ గుండీలతోనే కుస్తీ పట్టి ఓడిపోయారని అప్పుడు తెలిసింది నాకు.

“అక్కడ అందరూ చూస్తార్రా,” అన్నారు నెమ్మదిగా.

“చూడనీ. వచ్చినోళ్ళందరికీ చేస్తా. ఒక్కణ్ణి వదిలితే నువ్వు ఎనక్కి వచ్చెయ్.”

ఒకటే తిట్లు తిడుతూ గుండీలు పెట్టారు, కోటు తొడిగారు, పతకాలు గుచ్చారు. మోకాళ్ళు పట్టేసినా కింద కూర్చుని లేసులు కట్టారు. ఆఖరున వీపు మీద వేసింది మాత్రం చరుపు కాదు. చేయి అలా ఆనించి, అరుపు మాత్రం పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

హాలు గుమ్మంలో నిలబడి మాట నిలబెట్టుకున్నారు. మస్తాన్ గారు తిట్టుకుంటూనే చేయించుకున్నారు. ఒక రిటైర్డ్ కల్నల్ గారు తప్పదని ఎరిగి తనంతట తనే వెనక్కి తిరిగి నిలబడ్డారు. బిసిబేళె బాత్ వడ్డించగానే ఒక్కొక్కరి మెడకూ తువ్వాలు కట్టుకుంటూ వచ్చారు. కల్నల్ గారికీ కట్టారు. ఆ తువ్వాళ్ళ గుంపులో వీరభద్రం గారు హాయిగా ఒలకబోసుకుంటూ, కడుపారా తిని, వచ్చే ఏడు పాయసం కూడా పెట్టించమన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఇదంతా చెబితే పిల్లమ్మ గారు నవ్వారు.

“పట్టాలంలో పట్టుకున్న అలవాటు ఎంత మంచిదో చూశారా ఆంటీ!” అన్నాను.

“అలవాటా, పాడా! పట్టాలం ఇడిచి వచ్చినప్పటి నించి ఈయప్ప గుండీలే సరింగ పెట్టుకోడు. ఈ చేష్టలన్నీ రెండేండ్ల నించే. వీరభద్రన్నకు చేతులు వణికేది మొదలైనంక.”

“మరి నాకెందుకు? చిక్కపేటలో బొమ్మకెందుకు? అక్కడ వీరభద్రం గారు లేరు కదా!”

“ఆయన కాడ మాత్రమే చేస్తే నాటకమని తెలిసిపోతాదంట. పిచ్చి అని అందరూ నమ్మాలంటే అన్ని చోట్లా పిచ్చోని మాదిరే ఉండాలంట. నువ్వూ నమ్మినావు గదా?”

నమ్మానా! ఊరంతా ప్రచారం చేసింది నేనే. ఎంత మంచివాడీ మనిషి అనుకుంటూ ఉండగానే ఆయన బట్టలు మార్చుకుని బయటికొచ్చారు. చొక్కా ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి వేలాడుతోంది. మొదటి గుండీ రెండో కన్నంలో ఉంది.

“ఒకసారి ఇటు తిరగండి అంకుల్,” అన్నాను. గుండీలన్నీ విప్పి మళ్ళీ పెట్టాను. తర్వాత వెనక్కి తిప్పి, వీపు మీద చరిచి, “ఓకే!” అన్నాను.

నరసింహప్ప గారు తల తిప్పి నాకేసి అసహ్యంగా చూశారు.

“ఇదేమి చరుపప్పా, దోమను తోలినట్ల. దీనికి ఎవడన్నా దూకుతాడా? ఇంకొకటి వెయ్, గట్టిగా!”