ఒక్కడికే ఇచ్చిన మాట

1974. గోదావరిఖని దగ్గర ఒక బొగ్గు గనికి నేను వెల్ఫేర్ ఆఫీసర్‌ని. కార్మికుల క్వార్టర్లు, సెలవులు, ఇంటి గొడవలు అన్నీ నా నెత్తినే. ఎం.ఏ. ఎకనామిక్స్ చదివిన పొగరు మాత్రం ఇంకా దిగలేదు.

ఆ ఏడు మా గనిలో ముగ్గురు ఫిల్లర్లు, అంటే తట్టలతో బొగ్గెత్తి టబ్బులు నింపేవాళ్ళు, ఒక లేబర్ కాంట్రాక్టర్ ఇంటి మీద బాంబు వేసి అడవి పట్టారు. కాంట్రాక్టర్ బతికాడు. పాపం, వాచ్‌మన్ పోయాడు. ముగ్గురిలో పెద్దవాడు మల్లయ్య.

తీవ్రవాదిని వెనక్కి రప్పించేదెలాగని పోలీసు అధికారి అడిగితే నా చదువు బయటికి తీశాను. దాన్ని డెసిషన్ థియరీ అంటారు. మనిషి ఏ పనికైనా లాభనష్టాలు తూచుకుంటాడు, బాంబు వేసేవాడూ అంతే. ఇంటికి రావడమే లాభమనిపిస్తే వస్తాడు.

"ఒక్కడికి ఆశ చూపండి, జట్టు దానంతట అదే విడిపోతుంది" అన్నాను. ఆయనకు తెగ నచ్చింది. మల్లయ్య లొంగిపోతే ప్రాణానికి హామీ, శిక్ష అయ్యాక నౌకరీ.

మల్లయ్య భార్య పోశవ్వ ఆ కబురు మోసుకెళ్ళింది. కొన్నాళ్ళకు నా ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"ఏమన్నాడమ్మా?"

"కడమ ఇద్దరికి గూడ గిదే మాటనా అని అడిగిండు సారూ."

"ముందు తనని రమ్మను."

"గట్ల రాడు సారూ. ముగ్గురు ఒక్క గ్యాంగోళ్ళు. ఎవడెంత నింపినా కూలి సమానంగ పంచుకున్నరు. గని కప్పు కూలిననాడు గూడ కలిసే పైకొచ్చిండ్రు. పోలీసోళ్ళకు జెర మీరే చెప్పుండ్రి. నా మొగన్ని బతికించుండ్రి."

రోజూ కళ్ళెదుట చూసేదే, గ్యాంగు కూలి గ్యాంగుదే. నేను మల్లయ్యను విడిగా తీసి తూచాను. పరుగున వెళ్ళి ముగ్గురికీ హామీ ఇమ్మని అధికారిని అడిగాను.

"ఒక్కడు చాలన్నది మీరే కదండీ!" అని నవ్వాడు.

మళ్ళీ మళ్ళీ వెళ్ళాను, బతిమాలాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

వానలు పడకముందే ముగ్గురూ పోలీసు కాల్పుల్లో పోయారు. దవాఖాన దగ్గర పోశవ్వ ఏడవలేదు. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"నౌకరి ఒక్కనికే అన్నరు సారూ. తూటాలు మాత్రం ముగ్గురికి సమానంగ పంచిండ్రు."

మనిషి లెక్క వేసుకుంటాడన్నది అబద్ధం కాదు. ఎవరెవరిని కలుపుకొని వేసుకుంటాడో ముందు అడగాలి. ఈ చిన్న ముక్క నాకు మూడు శవాలు నేర్పాయి. ఇప్పుడు అది తెలిసి పోశవ్వకేం లాభం?