చిన్నపోలయ్య చెప్పిన లెక్క

బోగోలు దిగువన, సముద్రపొడ్డు పల్లెలో చిన్నపోలయ్యకు తుఫానంటే లక్ష్యం లేదు. మీసం మొలవకముందే వేటకు దిగినవాడు. ఒకసారి నడిసముద్రంలో తెప్ప తిరగబడితే, దుంగ పట్టుకుని తేలి ఒడ్డుకొచ్చి, ముందు చద్దన్నం అడిగిన ఘనుడు. అలాంటివాణ్ణి 1963లో ఒక్క ప్రశ్న గడగడలాడించింది. రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతావు?

ఏడాది క్రితం సర్వేకొచ్చిన డాక్టరు ఇదే అడిగితే, చిన్నపోలయ్య అన్న ఆదెయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. మద్రాసు ఆసుపత్రికి తీసుకెళ్లారు. నెల తిరక్కుండా శవమై వచ్చాడు. లెక్క చెప్పినందుకే పోయాడని పల్లె తీర్మానించింది. జబ్బు ముందే ఉందేమోనని ఒక్కరికీ తోచలేదు. భయానికి బుద్ధెక్కడిది?

మళ్లీ సర్వే జీపు రాగానే మగాళ్లంతా రోజుకు రెండేనని ఒకే మాట మీద నిలబడ్డారు.

"రెండయ్యా," అన్నాడు చిన్నపోలయ్య కూడా.

డాక్టరు రాసుకున్నాడు. "అయితే నీకు ఎక్స్‌రే అక్కర్లేదు. పదికి పైన తాగేవాళ్లకే నెల్లూరులో తీయిస్తున్నాం."

గండం గడిచినట్టే. కానీ పది రోజులుగా దగ్గితే నెత్తురు పడుతోంది. భార్య చెంచమ్మకు తెలియకుండా దాన్ని ఇసుకలో కప్పెడుతున్నాడు. చెబితే అన్న గతి, చెప్పకపోతే ఈ నెత్తురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డాక్టరు పక్క గుడిసె దాకా పోయాడు. చిన్నపోలయ్య వెంటపడ్డాడు.

"అయ్యా, నేను చెప్పింది అబద్ధం."

"మరి ఎన్ని?"

"కొనుక్కునేటియా, అడిగి తాగేటియి గూడానా?"

"అన్నీ. పొద్దున లేచిన కాడి నుంచి చెప్పు."

లేవగానే ఒకటి. తెప్ప దించేటప్పుడు రెండు. వల వేసి కూచుంటే ఎన్నో. రెండు చేతుల వేళ్లూ అయిపోతే మళ్లీ మొదలుపెట్టాడు. తనెన్ని తాగుతాడో ఆ రోజు దాకా అతనికీ తెలియదు. లెక్క ముప్పై దాటింది. వాకిట్లో చేపలు ఎండేస్తున్న చెంచమ్మ చెయ్యి ఆగిపోయింది. నెత్తురు సంగతీ చెప్పేశాడు.

"చెప్పేసినా గదయ్యా. ఇంక నేను బతకతానా?"

డాక్టరు నెల్లూరు ఎక్స్‌రేకి చీటీ రాసి అతని చేతికిచ్చాడు.

"ముందు జీపెక్కు," అన్నాడు.

చిన్నపోలయ్యకు అడుగు పడలేదు. చెంచమ్మ చేతులు చీరకు తుడుచుకుని వచ్చి, అతనికంటే ముందు ఎక్కింది.