లైన్‌బాక్సులో గిటారు

మా కొత్త సీలింగ్ ఫ్యాను చప్పుడు చెయ్యదు. అమ్మినవాడు దీన్ని గొప్పగా చెప్పాడు గానీ, తిరుగుతోందో లేదో తెలియాలంటే ప్రతిసారీ తలెత్తి చూడాల్సి వస్తోంది. పాత ఫ్యాను ఆ శ్రమ పెట్టేది కాదు. తిరుగుతున్న సంగతి పక్కింటివాళ్ళకు కూడా చెప్పేది.

ఎనభైల చివర, ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో మేము పెరిగిన కాలంలో, ఏ వస్తువైనా అంతే. తాను ఉన్నానని చెప్పుకునేది. ఆ సంప్రదాయాన్ని నేను ఎలక్ట్రిక్ గిటారుతో నిలబెట్టాను. రైల్వే ఇన్‌స్టిట్యూట్ సినిమా హాలులో పక్కన పడేసిన, పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వుల యాంప్లిఫయరు ఒకటి, దాని స్పీకరుతో సహా నాకు దొరికింది. మెల్లగా పెడితే గిటారు రేకు డబ్బా మీద గోళ్ళతో గీకినట్టు పలికేది. వాల్యూమ్ మీటను ముప్పావు దాకా తిప్పితే మాత్రం వాల్వులు ఎర్రబడి, స్వరం గుండ్రంగా, వెచ్చగా, బెల్లం పాకంలా సాగేది. ఇబ్బందల్లా ఒక్కటే. అప్పటికి కిటికీ అద్దాలు కూడా పాడుతుండేవి.

చర్చిలో పాటల బృందాన్ని నడిపే ఆవిడను కాలనీ అంతా క్వైర్ అత్త అనేవాళ్ళం. కోత పండుగకు ముందు (పొలాలు లేని రైల్వే కాలనీలో కోత ఏమిటని అడక్కండి, గోల్‌బజార్లో కొన్న గుమ్మడికాయలు తెచ్చి అర్పించేవాళ్ళం) ఆవిడ నన్ను నిలబెట్టి చెప్పింది: "ఒరే, ముందు వరసలో ముసిలోళ్ళకి పాటలో మాట ఇనబడాల. ఈసారి ఇనబడకపోతే నీ గిటారు ఇంటికాడే వాయించుకో."

ఇంటి దగ్గర అమ్మ అప్పటికే ఆ మాటే, దిక్కు మార్చి, చర్చిలోనే వాయించుకోమని చెప్పి ఉంది. అంటే ఈ పండుగ తప్పితే నేను వాయించడానికి ఈ భూమ్మీద చోటు లేదు.

డిగ్రీలో ఫిజిక్సు చదువుతున్నవాణ్ణి కదా, ఉపాయం ఆలోచించాను. స్పీకరును ఒక పెట్టెలో పెట్టి, చుట్టూ బొంత కప్పి, దాని ముందు చర్చి మైకు ఒకటి ఉంచి మూత వేస్తే, గర్జన పెట్టెలోనే ఉండిపోతుంది. మైకు పట్టుకున్న వెచ్చని స్వరాన్ని చర్చి లౌడ్‌స్పీకరులో ఎంత కావాలంటే అంత సన్నగా వినిపించవచ్చు. పెట్టె సిద్ధంగానే ఉంది. నాన్న గూడ్సు గార్డు. జెండాలూ చేతిదీపమూ పెట్టుకునే ఆయన ఇనప లైన్‌బాక్సు, మూత కీలు ఊడితే బాగుచేయించడానికి ఇంటికి వచ్చింది. పండుగ ఆదివారం. నాన్నకు సోమవారం దాకా డ్యూటీ లేదు. జెండాలూ దీపమూ తీసి మంచం కింద పెట్టాను. స్పీకరు, మైకు, గిటారు వైరు అన్నీ లోపల సర్దాను. పరీక్షించి చూస్తే పాకం కుదిరింది.

ఆదివారం మధ్యాహ్నం యాంప్లిఫయరును చర్చిలో పెట్టి, మిగతా వైర్లు లాగి, పెట్టె కోసం ఇంటికి వచ్చేసరికి అమ్మ ఎర్ర జెండా పట్టుకుని గుమ్మంలో ఉంది.

"ఇయి మంచం కిందున్నాయేటిరా? మీ నాన ఎల్లిపోనాడు!"

రావలసిన గార్డుకు జ్వరమట, నాన్నకు పిలుపు వచ్చిందట. పెట్టె మోసేవాడు దాన్ని ఎత్తుతూ "క్యా భరా హై సాబ్, లోహా?" అని కూడా అడిగాడట. ఇనుము కాదు, నా భవిష్యత్తు అని చెప్పడానికి నేను అక్కడ లేను.

జెండాలూ దీపమూ సంచిలో వేసుకుని నిమ్‌పురా యార్డు దాకా సైకిలు తొక్కాను. గూడ్సు చివర, గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్‌లో నాన్న, మూత తెరిచిన పెట్టె ముందు నిలబడి ఉన్నాడు.

"ఏటిరా ఇది?"

"స్పీకరు, నాన్నా."

"మీ అమ్మ బొంతెందుకు దీనికి?"

"చప్పుడు బైటికి రాకుండా."

నాన్న బొంత అంచు ఎత్తి చూశాడు. "చప్పుడు రాకూడదంటే వాయించడమెందుకురా?"

అంతలో సిగ్నలు పడింది. నాన్న సంచి లాక్కుని పచ్చజెండా ఊపాడు. పెట్టె దింపడానికి ఇద్దరు మనుషులు కావాలి, దానికి తోడు ఒక ఆగిన బండి కావాలి. నా వెచ్చని స్వరం టాటానగర్ వైపు, గూడ్సు బండి వేగంతో, బొంత కప్పుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం చర్చిలో గిటారు తగిలించుకుని నా చోట నిలబడ్డాను. వైరు లేదు, స్పీకరు లేదు. పాస్టరుగారు అప్పటికే నా పేరు చెప్పేశారు. పాటలన్నిటికీ, ఒక్క తీగా తప్పకుండా, మనసారా వాయించాను. నా చెవికి తప్ప ఎవరికీ అందలేదు. ముందు వరసలో ముసలమ్మలు గొంతెత్తి పాడుతున్నారు.

ఇప్పుడు గిటారుకు తగిలించే, అరచేతిలో పట్టే పరికరం ఒకటి కొన్నాను. దాని ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంటే అచ్చం ఆ స్వరమే, ఆ వాల్వుల వెచ్చదనమే. బయట ఎవరికీ వినబడదు. చప్పుడు లేని ఫ్యాను కింద కూర్చుని వాయించుకుంటూ ఉంటాను. అప్పుడప్పుడు, కిటికీ అద్దాలు ఏమైనా కదిలాయేమోనని ఒకసారి అటు చూస్తాను.

ఆ రోజు ఆరాధన అయ్యాక గుమ్మడికాయల పక్కన క్వైర్ అత్త నన్ను ఆపింది. మొహం వెలిగిపోతోంది. రెండు చేతులతో నా బుగ్గలు పట్టుకుంది.

"ఈయాలే బాగా వాయించినావురా. ఇక మీద ఇలాగే వాయించు."