లేబుల్ గీకేసిన సీసా

నేను ఒక ముసలమ్మను మోసం చేశాను. చదువుకున్నదాన్ని కాబట్టి దానికి వైద్యమని పేరు పెట్టుకున్నాను.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మనవాళ్లూ అందరూ కలిసి తొలిసారి ఓట్లు వేసిన మరుసటి ఏడాది, అక్కడి డర్బన్‌లో ఒక ప్రయోగశాలలో ఉద్యోగం దొరికి ఆంధ్రా నుంచి వచ్చాను. సముద్రపు నాచు, స్పాంజీలు, రాళ్లకు అంటుకుని పెరిగే మస్సెల్స్ అనే నల్లటి ఆల్చిప్పలు, వీటిలోంచి తీసిన పదార్థాలు కీళ్లవాతం వాపును తగ్గిస్తాయేమోనని ఎలుకల మీద చూడటం మా పని. అప్పటికింకా ఏదీ తేలలేదు. నా ధోరణి చూస్తే మాత్రం మందు కనిపెట్టేసినట్టే ఉండేది.

ఊరి శివార్లలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో ఒక అవ్వ ఇంటి వెనకగదిలో అద్దెకు దిగాను. ఎప్పుడో చెరకు తోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్ల మనవరాలామె. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. ఓటు రోజున పెన్సిల్‌ను రెండు చేతులతో పట్టుకుని గుర్తు పెట్టానని, ఎవర్నీ సాయం అడగలేదని గొప్పగా చెప్పుకునేది.

అవ్వ నీసు ముట్టదు. వయసులో ఉండగా, తుఫానులో చిక్కుకున్న భర్త పడవ తిరిగొస్తే నీసు మానేస్తానని గోవిందుడికి మొక్కుకుందట. పడవ వచ్చింది. అప్పట్నుంచి ఇంటిల్లిపాదికీ చేపల పులుసు వండిపెట్టి, తను పప్పన్నం తినేది. ఆ కథ విని నేను నవ్వాను. ఆమె ఎదురుగానే నవ్వాను.

ఆ వారమే దుకాణంలో ఆల్చిప్పల పొడి నింపిన క్యాప్సూల్స్ కొన్నాను. సీసాను నీళ్లలో నానబెట్టి లేబుల్ గీకేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితోపాటు సిగ్గూ పోయింది.

"అవ్వా, ఇది నాచు మందు. ఆకుకూర లాంటిదే. రోజుకు రెండు వేసుకో."

"నీసు లేదు కదా, పాపా?"

"లేదవ్వా."

అంత తేలిగ్గా అన్నాను.

ప్రతి ఆదివారం ఆమెను పిడికిలి బిగించమనేదాన్ని. మొదటి వారం వేళ్లు సగమే ముడుచుకున్నాయి. నాలుగో వారానికి అరచేతిని తాకాయి. "ఫస్ట్ క్లాస్, పాపా" అనేది. ప్రయోగశాలలో టీ తాగుతూ అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. రెండో సీసా తెచ్చాను, దాని లేబులూ గీకేశాను.

ఒక శనివారం అవ్వకు జ్వరమొస్తే కాఫీ పెడదామని వంటింట్లోకి వెళ్లాను. కాఫీపొడి కోసం వెతుకుతూ పాత బిస్కెట్ల డబ్బా తెరిచాను. క్యాప్సూల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం విప్పి ఉంది. డబ్బా పట్టుకుని ఆమె మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"గొంతు దిగదని ఫస్ట్ రోజే ఒకటి ఇప్పినా. వాసనొచ్చింది. హార్బర్ కాడ రాళ్ల మీద ఎన్ని పీకినా నేను! మస్సెల్ వాసన నాకు తెలీదా, పాపా?"

"మరి తగ్గిందన్నావు కదవ్వా? పిడికిలి బిగించావు కదా?"

ఆమె చేతులు రెండూ దుప్పటి కిందికి తీసుకుంది.

"నొప్పే. ఏం చేసేది? సండే సండే నా చెయ్యే చూస్తా కూసుంటావు. నీ మొగం చిన్నబోద్దని బిగించినా."

సోమవారం ప్రయోగశాలలో టీ దగ్గర, మీ అవ్వకు ఎలా ఉందని అడిగారు.

"ఇంకా మెరుగే" అన్నాను.