శాంతమ్మ జామకాయలు, కోడలి రక్తం

ఆళ్లగడ్డ బస్టాండులో జామకాయలమ్మే శాంతమ్మ, సూది ముట్టకుండా కోడలికి రెండు సీసాల రక్తం ఎక్కించింది! నమ్మకపోతే మీ ఖర్మ. కోడలు కీర్తనకు ఆరో నెలలో ఒంట్లో రక్తం తక్కువని తేలింది. రక్తం పెరగకపోతే కాన్పులో ప్రాణం మీదికొస్తుందని నంద్యాల డాక్టరమ్మ హెచ్చరించింది. ఆ రోజు నుంచి రెండు నెలలు బండిలోని మంచి కాయలన్నీ కోడలికే. నిన్న నా ఆటోలోనే నంద్యాల పోయి పరీక్ష చేయిస్తే, రక్తం సరిపడా ఉందన్నారు! బడి మానేసినా లోకమంతా తెలిసిన నేనే పోయి శాంతమ్మను అడగాల్సి వచ్చింది.

"అత్తా, ఆ కాయల్లో ఏం మందు పెడ్తాండావ్? ఊరంతా చాటి వచ్చినా!"

"మందూ లేదు, మాకూ లేదప్పా. కోడలు రక్తం మాత్రలు టీతో మింగుతాండె, ఒంటికి పట్టలా. టీ మాన్పించి, మాత్రతో పాటు జామకాయ పెట్టమనింది డాక్టరమ్మ. పెట్టినా."