పేరు రాయని చీటీ

ఉదయగిరి దగ్గర ఒక బడిలో తొమ్మిది, పది తరగతులకి జీవశాస్త్రం చెప్తాను నేను. నాకు నోటి దురుసు ఎక్కువే, పిల్లలు భయపడతారు. అందుకే హెచ్ఐవి పాఠం రోజు బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టి, "సిగ్గుపడి చావబాకండి. సందేహాలుంటే చీటీల మీద రాసి దీంట్లో వెయ్యండి. పేరు రాయబళ్ళేదు, ఎవురు రాసినారో నాకేం పని?" అన్నాను.

పెట్టె నిండింది. దోమ కుడితే వస్తాదా, ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే వస్తాదా. రాదు, రాదు అని నవ్వతా చెప్పుకుంటా పోయినాను. కండోము మాటొచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించి రెండు ముక్కల్లో దాటేసినాను. ఆ తర్వాత చేతికొచ్చిన చీటీలో, "నాకు ఉండాదో లేదో తెలుసుకోవాలంటే ఎక్కడికి పోవాల?" అని ఉండాది.

రెండేళ్ళుగా వాళ్ళ నోటుబుక్కులు దిద్దేది నేనే గదా, చూడగానే రాత పోల్చుకున్నాను. పదో తరగతి పిల్ల. నోట్లో నాలిక లేనట్టు ఉంటాది. ఓరి దేవుడా, ఈ పిల్ల ఏం పని చేసిపెట్టింది! జవాబు చెప్పకుండా చీటీ మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

సాయంత్రం వాళ్ళమ్మకి ఫోన్ చేసి, చీటీ చదివి వినిపించినాను. "పిల్లని కాస్త కనిపెట్టుకోమ్మా, వయసు మంచిది కాదు" అన్నాను. ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ పూట కడుపునిండా అన్నం కూడా తిన్నాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

నాలుగు రోజులు పిల్ల బడికి రాలా. అయిదో రోజు వచ్చింది, చెంప కమిలిపోయి. స్టాఫ్ రూములోకి పిలిచి ఏందని అడిగినాను.

"అమ్మ వంట చేస్తా స్పీకర్ పెట్టింది మేడం. అవ్వ, చిన్నాయన అందరూ ఇన్నారు. ఎవుడితో తిరిగినావే అని చిన్నాయన కొట్టినాడు. చూడలేక అమ్మ చెప్పేసింది, రోగం నాకుండాది, దాన్ని కొట్టబాకండి అని. నాయన పోయినప్పటి నుంచి ఎవురికీ తెలీకుండా మాత్రలు మింగతా ఉండాది. మీ పాఠానికి ముందే, దాచిపెట్టిన ఆసుపత్రి కార్డు చూసినాను, హెచ్ఐవి అని ఉండాది. నాకూ ఉండాదేమోనని అడిగినాను, అంతే."

తల దించుకోని, "ఇప్పుడు అమ్మకి కంచం వేరే పెట్టినారు" అనింది.

సిగ్గుతో చచ్చిపోయినాను. ఆ రోజు క్లాసులో చెప్పాల్సింది అప్పుడు చెప్పినాను. ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రిలో డబ్బుల్లేకుండా టెస్టు చేస్తారు, అమ్మని తోడు తీసుకోని పో. అమ్మకి ఉంటే బిడ్డకి ఉండాలనేం లేదు. ఉన్నా మాత్రలుండాయి. చెప్పేదానికి రెండు నిమిషాలు కూడా పట్టలా.

"నేనూ వస్తాను పా. మీ అవ్వతో కూడా మాట్లాడతాను" అన్నాను.

ఆ పిల్ల తలెత్తలా.

"వద్దు మేడం. మీకు తెలిస్తే అందరికీ తెలుస్తాది."